హన్నా రేవు దస్తావేజు

విజయశ్రీ ముప్పై నాలుగేళ్లు రిజిస్ట్రేషన్ శాఖలో పనిచేసింది. తెనాలిలో చేరింది, రేపల్లె, బాపట్ల, చీరాల తిరిగింది, మళ్లీ తెనాలికే వచ్చి సీనియర్ అసిస్టెంటుగా రిటైరైంది. ఆఫీసులో అందరూ ఆమెను ‘ఈసీ విజయశ్రీ గారు’ అనేవాళ్లు. పొలమో ఇల్లో కొనుక్కునేవాళ్లకి, ఆ ఆస్తి ఎవరి చేతుల మీదుగా ఎవరికి వచ్చిందో పాత పుస్తకాల్లో వెతికి ఇచ్చే కాగితాన్నే ఈసీ అంటారు. ఆ వెతకడంలో ఆమెను మించినవాళ్లు జిల్లాలో లేరని పేరు. తెల్లదొరల కాలం నాటి గుమాస్తాలు గొలుసుకట్టు ఇంగ్లీషులో రాసిపోయిన పుటలు, పురుగు తిన్నవీ, సిరా వెలిసినవీ, ఆవిడ పొద్దున పేపరు చదివినట్టు చదివేసేది.

తర్వాత కంప్యూటర్లు వచ్చాయి. మీట నొక్కితే ఈసీ ప్రింటై బయటికి రావడం మొదలైంది. విజయశ్రీకి శాలువా కప్పి, పూలగుత్తి ఇచ్చి ఇంటికి పంపారు. “హాయిగా మనవరాలితో ఆడుకోండి మేడమ్” అన్నాడు కొత్తగా వచ్చిన సబ్ రిజిస్ట్రార్.

ఆ మనవరాలికి ఇప్పుడు పదిహేడేళ్లు. పేరు కృతి. అమెరికాలో, చికాగో పక్కనున్న షామ్‌బర్గ్‌లో పుట్టి పెరిగింది. ఆడుకునే వయసు దాటిపోయింది, కారు నడుపుతోంది.

భర్త కేశవరావుతో కలిసి విజయశ్రీ ఆరు నెలలుండిపోదామని కూతురు అలేఖ్య ఇంటికొచ్చింది. కేశవరావు ఆర్టీసీ డిపోలో పనిచేసి రిటైరైన మనిషి. ఆయనకి తెలుగు న్యూస్ ఛానలుంటే చాలు, చికాగో అయినా చీరాల అయినా ఒకటే. విజయశ్రీకి అలా కాదు. పది రోజులయ్యేసరికి వంటింట్లో ఉన్న డబ్బాల మీద అక్షరాలన్నీ చదవడం అయిపోయింది. బ్యాంకు వాళ్లు పంపే ప్రకటనలు కూడా చివరిదాకా చదివి, “మూడో పేజీలో చిన్నక్షరాల్లో ఏదో మెలిక పెట్టాడే అలేఖ్యా” అని హెచ్చరించింది.

సెప్టెంబరులో ఒకరోజు కృతి బడి నుంచి వచ్చి డైనింగ్ టేబుల్ మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని తల పట్టుకుంది.

“ఏంటే బంగారం, తలనొప్పా?”

“హిస్టరీ ప్రాజెక్ట్ అమ్మమ్మా. ఒక ఓల్డ్ పొలిటీషియన్‌ని సెలెక్ట్ చేసుకుని ఫ్యామిలీ హిస్టరీ ట్రేస్ చేయాలి. అందరూ ఫేమస్ వాళ్లని తీసుకున్నారు. నేను ఈజీగా ఉంటుందని ఏమస్ వీలర్‌ని తీసుకున్నా. బట్ అతని మదర్ ఎవరో ఎవరికీ తెలీదు. వెబ్‌సైట్‌లో ‘అన్‌నోన్’ అని ఉంది. నేను ఏం రాయాలి?”

ఏమస్ వీలర్ మరీ పురాణకాలం వాడేం కాదు. పద్దెనిమిది వందల యాభైల్లో ఇల్లినాయ్ రాష్ట్ర సెనేటులో కూర్చుని, పేదపిల్లలందరికీ ఉచితంగా బడులుండాలని వాదించిన మనిషి. గంటన్నర దూరంలో కార్విన్ ఫెర్రీ అనే చిన్న ఊరు ఆయనది.

విజయశ్రీ చేతిలోని చిక్కుడుకాయలు పక్కన పెట్టింది. “ఆయన పొలం ఎక్కడుందే?”

“పొలమా? హీ వాజ్ అ సెనేటర్, అమ్మమ్మా!”

“రాజకీయాల్లో ఉన్నవాడికి భూమి లేకుండా పోతుందా? అది ఎక్కడుందో కనుక్కో. భూమి ఉంటే పత్రం ఉంటుంది. పత్రం ఉంటే చుట్టాలుంటారు.”

ఆ శనివారమే బయలుదేరారు. కృతి స్టీరింగ్ పట్టుకుంది. ఊరు దాటగానే రోడ్డుకి రెండు పక్కలా మొక్కజొన్న చేలు, అక్కడక్కడా ధాన్యం నిలవచేసే పొడుగాటి ఇనుప గోపురాలు. కేశవరావు పొద్దున్నే లేచి పెరుగన్నం కలిపి, ఆవకాయ విడిగా డబ్బాలో పెట్టి ఇచ్చాడు. మనవరాలు లారీని దాటినప్పుడల్లా విజయశ్రీ ఆంజనేయ దండకం గొణుక్కుంది.

కార్విన్ ఫెర్రీలో పాత కోర్టు భవనం పై అంతస్తే చరిత్ర సంఘం. దాన్ని చూసుకునేది మార్జ్ ఓల్సన్ అనే ఆవిడ. డెబ్బై ఆరేళ్లు, పొట్టి తెల్ల జుట్టు, మెడలో గొలుసుకి వేలాడే కళ్లజోడు. వీలర్ పేరు వినగానే ఆవిడ పెదవి విరిచింది.

“ఆ పెద్దమనిషా! అదిగో, గోడ మీద ఉన్నాడు” అంది.

గోడ మీద గడ్డం మనిషి పటం. కింద బోర్డు మీద ఆయన బడుల కోసం చేసిన కృషి గురించి రెండు వాక్యాలు. మూడో వాక్యం ఇది: ‘అయితే ఈయన ఒక పేద వితంతువు పడవరేవును ఒక్క డాలరుకు రాయించుకున్నాడన్న ఆరోపణ ఉంది.’

“ఆ మూడోది నేనే రాశాను” అంది మార్జ్, దాచుకోకుండా. “ఆ వితంతువు హన్నా ప్రూయిట్. నేను పుట్టింది ప్రూయిట్ల ఇంట్లోనే. మా ముత్తాత వాళ్లమ్మ ఆవిడ. చదువురాని మనిషి దగ్గర రేవు కాజేశాడు. మా ఇంట్లో పిల్లలకి అన్నం పెడుతూ చెప్పే కథ అది. మా అన్న రాయ్ అయితే ఈ పటం ఉన్న గదిలో అడుగు కూడా పెట్టడు.”

కృతి దాన్ని తెలుగులో చెప్పబోయింది. విజయశ్రీ ఆపింది. “అర్థమైందే. ఆ పత్రం చూశారా అని అడుగు.” మళ్లీ తనే ఇంగ్లీషులో, ఆఫీసు ఇంగ్లీషులో, అడిగింది: “అసలు దస్తావేజు మీరు చదివారా మేడమ్?”

మార్జ్ బీరువా తీసి ఒక పసుపుపచ్చ కాగితం చూపించింది. వాళ్ల తాత పెట్టెలో దొరికిందట. అందులో ఒక్క వరుస: ‘1851. హన్నా ప్రూయిట్ నుంచి ఏమస్ వీలర్‌కు. ఒక డాలరు.’

“ఇది సారాంశం. నేనడిగేది పత్రం” అంది విజయశ్రీ.

పత్రం ఉన్న పుస్తకం వెనక గదిలో ఉంది. తోలు అట్ట, చిన్న పిల్లవాడంత బరువు. మార్జ్ దాన్ని బల్ల మీద పెట్టి, “ఈ రాత చదవలేక నేను చాలాసార్లు వదిలేశాను. చదువుకున్న కుర్రాళ్లు కూడా వచ్చి చేతులెత్తేశారు” అంది.

కృతి తొంగి చూసింది. “అమ్మమ్మా, ఇది ఇంగ్లీషేనా? అసలు లెటర్స్ కనిపించట్లేదు!”

విజయశ్రీకి మాత్రం కళ్లు చెమర్చాయి. తెనాలి ఆఫీసు వెనక గది గుర్తొచ్చింది. అదే పాత తోలు వాసన, అదే ముదురు గోధుమరంగు సిరా, అదే రకం గుమాస్తా, కలం ఎత్తకుండా వాక్యమంతా లాగేసి చివర తోక తిప్పే రకం. కళ్లజోడు తుడుచుకుని, వేలు తగలకుండా పుట మీద గాల్లో ఆడిస్తూ చదవడం మొదలెట్టింది. అర పేజీ ఆగకుండా చదివింది. మార్జ్ కుర్చీ దగ్గరికి లాక్కుంది.

ఒకచోట విజయశ్రీ గొంతు ఆగింది. ఆ ముక్క మళ్లీ చదివింది. తర్వాత కృతి కోసం తెలుగులో చెప్పింది: “ఒక డాలరు ప్రతిఫలమునకున్నూ, మరియు సహజమైన ప్రేమాభిమానముల చేతనున్నూ... చూశావుటే! ప్రేమాభిమానాలు!”

“సో?”

“సో ఏంటే! పరాయివాడికి అమ్మేవాళ్లు ప్రేమాభిమానాలతో అమ్మరు. ఆ మాట దానపత్రంలోనే వస్తుంది. ఒక డాలరు ఊరికే ఆచారానికి రాసేది. మా దగ్గరా అంతే. ఈవిడ ఇతగాడికి అమ్మలేదు. ఇచ్చింది. ఇతను ఈవిడకి ఏదో అవుతాడు.”

మార్జ్ పుట అడుగుకి వంగి చూసింది. కింద ఒక గీత, దాని మీద ఇంకో గీత. హన్నా పెట్టిన గుర్తు. సంతకం రాని మనిషి వేసిన అడ్డగీతలు.

“ఏమవుతాడు?” అని అడిగింది చివరికి.

“అది ఇందులో లేదు. లింకు డాక్యుమెంటు కావాలి” అంది విజయశ్రీ. “ఈ రేవు హన్నా చేతికి ఎలా వచ్చిందో చూడాలి.”

ఆ మాటతో శనివారాలన్నీ అయిపోయాయి. అలేఖ్య మొదట కొంచెం విసుక్కుంది. “అమ్మా, దాని ప్రాజెక్ట్‌కి రెండు పేజీలు చాలు. నువ్వు పీహెచ్‌డీ చేయిస్తున్నావ్.” విజయశ్రీ వినలేదు. చీరాలలో ఒకసారి కుమ్మరి మల్లమ్మ అనే ఆవిడ ఇంటిస్థలం కోసం నలభై ఏళ్ల పుస్తకాలు వరుసగా తిరగేసి, ఎవరూ నమ్మని ఆమె మాట నిజమని తేల్చింది. ఆ రోజు మల్లమ్మ ఆఫీసు మెట్ల మీద కూర్చుని సంతోషం పట్టలేక ఏడ్చింది. ఆ పని అలవాటైన చేతులు రెండు పేజీల దగ్గర ఎలా ఆగుతాయి?

అక్టోబరు మొదటివారంలో లింకు దొరికింది. 1838 నాటిది. జోసయ్య వీలర్ అనే ఆయన రేవునీ, దాని పక్క ఇరవై ఎకరాలనీ హన్నా ప్రూయిట్‌కి రాసిచ్చాడు. ‘నా సోదరి’ అని స్పష్టంగా ఉంది. జోసయ్య వీలర్ అంటే ఏమస్‌ని పెంచినవాడు. ఆయన్నే అందరూ ఏమస్ తండ్రి అనుకుంటున్నారు.

కృతి ఎగిరి గంతేసింది. “అంటే హన్నా ఏమస్‌కి ఆంటీ! డన్! ఫినిష్!”

“ఏ ఆంటీ? పిన్నా, అత్తా, పక్కింటావిడా?”

“అమ్మమ్మా! ఫాదర్ సిస్టర్. మేనత్త కదా?”

“జోసయ్య తండ్రయితే మేనత్త. తండ్రని ఎక్కడైనా రాశాడా? పెంచాడని మాత్రమే ఉంది. తొందరపడకు.”

మార్జ్‌కి ఆ తేడా అర్థం కావడానికి కాసేపు పట్టింది. మేనత్త అంటే ఎవరు, మేనమామ అంటే ఎవరు, చిన్నాన్న అంటే ఎవరు అని విజయశ్రీ ఒక కాగితం మీద బొమ్మ వేసి చూపించింది. “మాకు అన్నిటికీ రెండే మాటలు. మీరింత వివరంగా ఎలా గుర్తుపెట్టుకుంటారు?” అని మార్జ్ ఆశ్చర్యపోయింది. “పెళ్లిళ్లప్పుడు తేడా వస్తే కొట్టుకుంటారు మేడమ్, అందుకని గుర్తుంటుంది” అంది విజయశ్రీ. ముగ్గురూ పగలబడి నవ్వారు. కింద కోర్టు కాపలాదారు మెట్లెక్కి వచ్చి అంతా బాగానే ఉందా అని అడిగిపోయాడు.

ఆ తర్వాత రెండు శనివారాలు ఏమీ దొరకలేదు. వీలర్ పేరు మీద ఉన్నవన్నీ చూశారు. ప్రూయిట్ పేరు మీద ఉన్నవీ చూశారు. మూడో శనివారం మధ్యాహ్నం కృతి చేతులు చాపి ఆవులించింది. “ఏమస్ పేరుతో ఇంకేం లేవు అమ్మమ్మా. ఇండెక్స్ మొత్తం చెక్ చేశా.”

“ఏదీ, నాకోసారి చూపించు.”

ఇండెక్స్ పేజీలో వేలు కిందికి దిగుతూ ఒకచోట ఆగింది. ‘జోసయ్య వీలర్ వగైరా.’ సంవత్సరం 1863. తీసుకున్నవాడు జోయెల్ ప్రూయిట్. మార్జ్ ముత్తాత.

“ఇది చూశావా?”

“అది జోసయ్యది కదా. ఏమస్‌ది కాదు.”

“వగైరా అని ఉంది చూడు. అంటే ఇంకెవరో కూడా ఉన్నారు. గుమాస్తాకి బద్ధకమై మొదటి పేరు ఒక్కటే ఎక్కించాడు. నా సర్వీసంతా ఈ వగైరాల్లోనే గడిచిందే తల్లీ. తగాదాలన్నీ అక్కడే ఉంటాయి, చుట్టరికాలన్నీ అక్కడే ఉంటాయి. ఆ పుస్తకం తే!”

పుస్తకాన్ని మార్జే తెచ్చింది. మోయలేక మోస్తూ తెచ్చి బల్ల మీద దబ్బున పెట్టింది. పుట తీశారు. విజయశ్రీ ముందు పైకి చదవకుండా తనలో తను చదువుకుంది. పెదాలు మాత్రం కదులుతున్నాయి. కృతి ఆమె మొహం వైపే చూస్తోంది.

“అమ్మమ్మా! ప్లీజ్! చెప్పు!”

విజయశ్రీ గొంతు సవరించుకుంది. ఒక్కో మాటా ఇంగ్లీషులో నెమ్మదిగా, మార్జ్‌కి వినపడేలా చదివింది. దాని భావం ఇది. హన్నాకి మొదటి భర్త వల్ల పుట్టి, ఆయన పోయాక మేనమామ జోసయ్య ఇంట పెరిగి, ఆయన ఇంటిపేరుతో పిలవబడుతున్న ఏమస్ వీలర్ అనే నేను, నా తల్లి తన అవసాన కాలంలో, నా తమ్ముడు జోయెల్ తొమ్మిదేళ్లవాడైనందున అతని కోసం కాపాడమని నా పేర రాసిన రేవును, జోయెల్‌కి నేటితో ఇరవై ఒకటి నిండినందున, సోదర ప్రేమతో అతనికి అప్పగించుచున్నాను. జోసయ్య దాని పక్కనున్న తన భూమి ముక్క కూడా కలిపి ఇచ్చాడు.

“అంటే ఆ అన్‌నోన్ మదర్ హన్నానే!” అని అరిచింది కృతి.

మార్జ్ లేచి ముందు గదిలోకి వెళ్లింది. గోడ మీద పటం ఎదుట నిలబడి నడుం మీద చేతులు పెట్టుకుంది. “నువ్వు మా పెద్ద ముత్తాతవా!” అంది గట్టిగా. తర్వాత నవ్వింది. నవ్వుతూ కళ్లు తుడుచుకుంది, తుడుచుకుంటూ మళ్లీ నవ్వింది. “నూటయాభై ఏళ్లు! నూటయాభై ఏళ్లు తిట్టాం ఈ మనిషిని!”

ఎందుకు మరిచిపోయారన్నది ఆమెకే తట్టింది. ఏమస్ పెళ్లి చేసుకోకుండానే 1867లో పోయాడు. మూడేళ్లకి జోయెల్, భార్య ఇద్దరూ ఒకే చలికాలంలో జ్వరంతో పోయారు. వాళ్ల రెండేళ్ల కొడుకు, అంటే మార్జ్ తాత, తల్లి తరఫు వాళ్ల దగ్గర దూరంగా పెరిగాడు. తిరిగొచ్చేసరికి నది మీద వంతెన పడింది, రేవు మూతపడింది. వాడి చేతికి మిగిలింది ఆ పసుపుపచ్చ కాగితం ఒక్కటే. అందులో ఒక డాలరుంది గాని ప్రేమాభిమానాలు లేవు.

అప్పుడు కృతి ల్యాప్‌టాప్ తెరిచి గబగబా వెతికింది. “వెయిట్, వెయిట్! అతని స్పీచ్‌లో ఒక లైన్ ఉంది. నేను కట్ చేసేశా, ఊరికే డ్రామా అనుకుని.” సెనేటులో బడుల గురించి ఏమస్ చెప్పిన మాటలవి: ‘చీకట్లో పడవని గట్టుకి చేర్చే చేతులు నాకు తెలుసు. ఆ చేతులకి తమ పేరు రాయడం మాత్రం ఎవరూ నేర్పలేదు.’

కృతి ఆ లైన్ మళ్లీ ఒకసారి చదివింది. “అమ్మమ్మా, హీ వాజ్ టాకింగ్ అబౌట్ హిజ్ మామ్. వాళ్లమ్మ గురించే చెప్తున్నాడు.”

“అవునే” అంది విజయశ్రీ.

మార్జ్ అన్నకి ఫోన్ చేసింది. రాయ్ ప్రూయిట్‌కి ఎనభై ఒకటి. పొలం పనిలో ఉన్నవాడు ఉన్నట్టే పికప్ ట్రక్కులో వచ్చాడు, బూట్లకి మట్టి. ఆ గది గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగాడు. ముప్పై ఏళ్లలో మొదటిసారి లోపలికి అడుగుపెట్టి, టోపీ తీశాడు. విజయశ్రీ చూపించిన వరుస మీద చూపు నిలిపి అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివాడు. ‘బ్రదర్’ అనే మాట దగ్గరికి రాగానే ఆగిపోయాడు. అది మాత్రం ఎవరూ చెప్పకుండానే చదవగలిగాడు.

“మేడమ్” అన్నాడు విజయశ్రీతో, “మా నాన్న చనిపోయే ముందు కూడా ఇతన్ని తిట్టాడు. ఆయన పోయాక ఆ డ్యూటీ నేను తీసుకున్నాను. ఇప్పుడు నేనేం చేయాలి?”

విజయశ్రీ ఆలోచించింది. “ఇన్నాళ్లూ తిట్టారు కాబట్టి పేరు మరిచిపోలేదు. దానికి సంతోషించండి” అంది. రాయ్ పెద్దగా నవ్వి, మట్టి చేతిని ప్యాంటుకి తుడుచుకుని మరీ ఆమె చేయి పట్టుకుని ఊపాడు. భుజం ఊడుతుందేమో అనిపించేంత గట్టిగా.

కొత్త బోర్డుకి మాటలు రాయమని సంఘం వాళ్లు విజయశ్రీనే అడిగారు. ఆమె రాసిన మొదటి ముసాయిదా చూసి కృతి పడిపడి నవ్వింది. అందులో తూర్పు నది, పడమర జోసయ్య వీలర్ గారి భూమి అంటూ నాలుగు సరిహద్దులూ ఉన్నాయి. పుస్తకం నంబరు, పుట నంబరు, సాక్షుల పేర్లూ ఉన్నాయి. కృతి దాన్ని ఆరు వాక్యాలకి కుదించింది. పుస్తకం నంబరూ పుట నంబరూ తీసేయడానికి మాత్రం విజయశ్రీ ఒప్పుకోలేదు. “రేపెవరైనా కాదంటే? చూసుకోమను.” అవి అలాగే ఉండిపోయాయి.

కృతి ప్రాజెక్టుకి బడిలో మంచి మార్కులొచ్చాయి. జిల్లా పోటీలో మూడో స్థానం వచ్చింది. మొదటి స్థానం తీసుకున్న అబ్బాయి పెద్ద వీడియో చేశాడు, రంగురంగుల మ్యాపులు పెట్టాడు. కృతి రెండు రోజులు మూతి ముడుచుకుంది. తర్వాత అదీ మరిచిపోయింది. గొలుసుకట్టు రాత ఇప్పుడు దానికి చదవడమే కాదు, రాయడం కూడా వచ్చు. ఫ్రెండ్స్‌కి పుట్టినరోజు కార్డులు అలాగే రాస్తోంది. వాళ్లు చదవలేకపోతున్నారట, ఆ సరదా వేరు.

ఆ పోటీకి ముందే, నవంబరు మొదట్లో, చలి ఇంకా ముదరకముందు, ప్రూయిట్లు నది ఒడ్డున భోజనాలు పెట్టుకున్నారు. ఇరవై ఆరు మంది వచ్చారు. షామ్‌బర్గ్ నుంచి అలేఖ్య కుటుంబమంతా వెళ్లింది. కేశవరావు కూడా న్యూస్ ఛానల్ వదిలి వచ్చాడు. విజయశ్రీ పెద్ద గిన్నెడు పులిహోర చేసుకొచ్చింది. కారం ఉంటుందేమోనని భయపడుతూ మిరపకాయలు తగ్గించింది. రాయ్ మొదట ఒక చెంచాడు తిన్నాడు. తర్వాత ప్లేటు నింపుకున్నాడు. మూడోసారి నింపుకోవడానికి వచ్చినప్పుడు, పోపులో వేరుశనగ పలుకులు తెలివిగా ఏరుకుంటున్నాడని కేశవరావు కనిపెట్టి, “మనవాడే” అన్నాడు తెలుగులో.

భోజనాలయ్యాక ఒక నడివయసు మనిషి మొహమాటపడుతూ విజయశ్రీ దగ్గరికొచ్చాడు. ప్రూయిట్ కాదు, పక్క పొలం ఆయన. చేతిలో అట్టపెట్టె. వాళ్ల ముత్తవ్వ జర్మనీ నుంచి వచ్చిందంటారు, ఎవరితో వచ్చిందో తెలియదు, ఏవో పాత కాగితాలున్నాయి, చూస్తారా అని అడిగాడు.

విజయశ్రీ చేతులు కడుక్కుని, పైట చెంగుతో తుడుచుకుని, కళ్లజోడు పెట్టుకుంది.

“అమ్మా, జనవరిలో ఫ్లైట్ టికెట్ ఉంది, గుర్తుందా?” అని అలేఖ్య వెనక నుంచి అరిచింది.

“జనవరికి ఇంకా ఎనిమిది శనివారాలున్నాయే” అంది విజయశ్రీ, పెట్టె మూత తీస్తూ.